పాత బండికి కొత్త కాపలా

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800, కాంటెస్సా, జిప్సీ... ఫ్యాక్టరీలు ఎప్పుడో ఆపేసిన ఈ బండ్లను కొందరు ఇప్పటికీ కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. వాటిని ఎత్తుకుపోవడానికి దొంగకు పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఎత్తుకుపోకుండా ఆపడానికి మనకూ పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. కావాల్సిందల్లా బండి గురించి నాలుగు విషయాలు తెలియడం, వాటిని రోజూ పాటించడం.

ప్రీమియర్ పద్మిని ముందు తలుపును ఓసారి దగ్గరగా చూడండి. పెద్ద అద్దానికి ముందు మూడు మూలల చిన్న అద్దం ఒకటి ఉంటుంది. ఏసీ లేని రోజుల్లో గాలిని ముఖం మీదికి మళ్లించడానికి పెట్టిన ఏర్పాటది. దాన్ని పట్టి ఉంచేవి లోపలివైపు చిన్న గొళ్లెం, ఏళ్ల తరబడి ఎండకు ఎండి బిరుసెక్కిన రబ్బరు. అవి వదులయ్యాయంటే తలుపు తాళం ఉన్నా లేనట్టే. ఇక లోపల, డాష్‌బోర్డు కిందికి వంగి చూస్తే ఇగ్నిషన్ స్విచ్ వెనక వైర్లు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. తాళం చెవి చేసే పని వాటిని కలపడమే. ఆ చెవిలో చిప్ లేదు. ఆ చెవిని గుర్తుపట్టే కంప్యూటర్ ఇంజన్ దగ్గరా లేదు. పాత అంబాసిడర్లలో స్టీరింగ్‌కు తాళం కూడా ఉండేది కాదు. కొన్ని మిలిటరీ జీపుల్లో అసలు చెవితో పనే లేదు, తిప్పే స్విచ్ ఒకటి ఉంటుందంతే.

ఇందులో తయారు చేసినవాళ్ల తప్పేమీ లేదు. ఆ కాలం వేరు. ఊళ్లో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నప్పుడు ఏ నంబరు ఎవరిదో కిళ్లీకొట్టు వాళ్లకు కూడా తెలుసు. డాక్టరుగారి ఫియట్‌ను ముక్కూమొహం తెలియనివాడు నడుపుకుంటూ పోతే సెంటర్లో నలుగురూ ఆపి అడిగేవారు. కారుకు అసలు కాపలా ఆ నలుగురే. ఇప్పుడు ఆ నలుగురూ లేరు, తాళం మాత్రం అప్పటిదే.

పాత కార్ల మీద మమకారం ఉన్న ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. ఈ బండ్ల సాదాతనమే దొంగకు దారి చూపిస్తోంది. అదే సాదాతనం యజమాని చేతికి ఆయుధం కూడా. రెండు వైర్లు కలిపితే స్టార్టయ్యే ఇంజన్‌ను ఒక్క వైరు తెంపి ఆపేయొచ్చు. ఆ వైరు ఏదో, ఎక్కడ తెంపామో మనకు మాత్రమే తెలిసి ఉంటే చాలు. లక్షలు పోసి కొన్న కొత్త కారులో బానెట్ ఎత్తి ఈ పని సొంతంగా చేసుకోవడం కుదరదు. పాత కారులో కుదురుతుంది.

చిప్ వచ్చాక దొంగ చూపు మారింది

1990ల్లో కార్ల దొంగతనాల చరిత్రను మార్చేసిన పరికరం ఇమ్మొబిలైజర్. తాళం చెవి తలలో ఒక చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట ఆ చిప్‌లోని కోడ్‌ను చదువుతుంది. కోడ్ సరిపోతేనే ఇంజన్ కంప్యూటర్ పెట్రోలునూ స్పార్క్‌నూ వదులుతుంది. తలుపు పగలగొట్టినా, వైర్లు కలిపినా బండి కదలదు. యూరోపియన్ యూనియన్ 1998 నుంచి కొత్త కార్లన్నింటికీ దీన్ని తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియా 2001లో, కెనడా 2007లో అదే బాట పట్టాయి. నెదర్లాండ్స్ లెక్కలను పరిశీలించిన ఆర్థికవేత్తలు ఈ ఒక్క నిబంధన వల్ల కారు పోయే ప్రమాదం సగటున సగానికి తగ్గిందని తేల్చారు. చిప్ ఉన్న కార్లను వదిలేసి చిప్ లేని కార్ల వైపు దొంగలు మళ్లడాన్ని కూడా కలుపుకొని వేసిన లెక్క అది. పాత కార్ల యజమానులు పట్టించుకోవాల్సింది ఆ మళ్లడం గురించే. కొత్త కార్లకు ఎంత గట్టి తాళం పడితే దొంగ కళ్లు పాత కార్ల మీద అంతగా పడతాయి.

అమెరికాలో ఇది కళ్లముందే జరిగింది. అక్కడ అత్యధికంగా పోయిన కార్ల జాబితాల్లో 1990ల నాటి హోండా అకార్డ్, సివిక్‌లు ఏళ్ల తరబడి మొదటి వరసలో నిలిచాయి. అవి చిప్ రాకముందు తయారైనవి. పైగా వాటి పార్టులకు ఎప్పుడూ గిరాకీయే. ఆ తర్వాత హ్యుందాయ్, కియాల వంతు వచ్చింది. 2015 మోడళ్లలో మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ కంపెనీ నుంచే వస్తే, ఈ రెండు కంపెనీలు అక్కడ అమ్మిన కార్లలో 26 శాతానికే వచ్చింది. ఆ సంగతి సోషల్ మీడియాలో పాకిపోవడంతో 2021 తర్వాత ఆ కార్ల దొంగతనాలు ఒక్కసారిగా పెరిగాయి. చివరికి కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చి, స్టీరింగ్‌కు వేసే కడ్డీ తాళాలు పంచాల్సి వచ్చింది. అమెరికా వెళ్లిన మన పిల్లలు మొదట కొనేది సెకండ్ హ్యాండ్ కారే. కొనేముందు మైలేజీ అడిగినట్టే ఇమ్మొబిలైజర్ గురించీ అడగాలి.

మన దేశంలో 2000ల్లో మారుతి 'ఐక్యాట్స్' పేరుతో ఇలాంటి ఏర్పాటు తెచ్చింది. మిగతా కంపెనీలూ ఒక్కొక్కటిగా చేర్చాయి. అంతకుముందు వచ్చిన ఎస్టీమ్, జెన్, కాంటెస్సా, తొలితరం మారుతి 800లాంటి బండ్లలో చాలావాటికి ఆ రక్షణ లేదు.

ఒక్క విషయంలో మాత్రం పాత కారుది పైచేయి. తాళం చెవి జేబులో ఉండగానే తెరుచుకునే కొత్త కార్ల నుంచి దొంగలు ఇప్పుడు రేడియో సిగ్నల్‌ను కొట్టేస్తున్నారు. ఇంట్లో బల్ల మీదున్న చెవి సిగ్నల్‌ను పట్టి, బయటున్న కారు దాకా చేరవేసి తలుపు తెరుస్తున్నారు. పద్మిని మీద ఆ విద్య పనిచేయదు. దాన్ని తీసుకుపోవాలంటే మనిషి వచ్చి చేత్తో ముట్టుకోవాల్సిందే. అంటే మనం అడ్డుకోవాల్సింది ఆ చేతిని.

పోయిన బండి ఎక్కడికి పోతుంది?

పాత కారు పోతే మూడు దారులుంటాయి. మొదటిది తుక్కు. అంబాసిడర్ బరువు టన్నుకు పైనే. కొనేవాడికి అది యాభై ఏళ్ల చరిత్ర కాదు, కాటా మీద తూగే ఇనుము. రెండోది విడిభాగాలు. మారుతి 800 మొదటి తాళం చెవి 1983 డిసెంబర్ 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ చేతుల మీదుగా యజమానికి అందింది. ఆ తొలి రూపం కార్ల బంపర్లు, లైట్లు, బ్యాడ్జీలు ఇప్పుడు కంపెనీ షోరూముల్లో దొరకవు. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లోనే ఆగిపోయాయి. కాంటెస్సా 2002కే సెలవు తీసుకుంది. కొత్తవి రావు కాబట్టి ఉన్నవాటికే ధర. మొత్తం కారును అమ్మితే వచ్చే డబ్బు కంటే విప్పి అమ్మితే ఎక్కువొచ్చే బండ్లు కూడా ఉన్నాయి. మూడోది వేషం మార్చడం. తుక్కు కింద కొన్న అదే మోడల్ కారు ఆర్సీ దగ్గరుంటే, దొంగ బండి చాసిస్ నంబరు చెరిపేసి దాని నంబరు కొట్టేస్తారు. కొనేవాడు పేపర్లు సరిగ్గానే ఉన్నాయనుకుంటాడు.

ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో సోతీగంజ్ అనే బజారు దొంగబండ్లను విప్పి అమ్మడానికి దేశమంతా పేరుమోసింది. 2021 డిసెంబరులో పోలీసులు దాన్ని మూయించారు. బజారు మూతపడొచ్చు కానీ, గిరాకీ ఉన్నంతకాలం సరుకు మరో దారి వెతుక్కుంటుంది. ఆ గిరాకీ ఎవరిదన్నది చివర్లో చూద్దాం.

ఒక స్విచ్, ఒక రోటర్

ఇప్పుడు బానెట్ ఎత్తుదాం. పాత పెట్రోలు కారులో బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్‌కు, అక్కణ్నుంచి ఇగ్నిషన్ కాయిల్‌కు వైరు వెళ్తుంది. కాయిల్ 12 వోల్టుల కరెంటును వేల వోల్టులకు పెంచుతుంది. డిస్ట్రిబ్యూటర్ దాన్ని వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకూ పంచుతుంది. కాయిల్‌కు వెళ్లే వైరు మధ్యలో చిన్న స్విచ్ పెట్టి, దాన్ని ఎవరికీ కనిపించని చోట బిగిస్తే అదే సీక్రెట్ స్విచ్. అది ఆఫ్‌లో ఉంటే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. దొంగకు అది తాళంలా కనిపించదు, పాత బండి మొరాయింపులా కనిపిస్తుంది. రెండు మూడుసార్లు ప్రయత్నించి వదిలేసి పోయే అవకాశం ఎక్కువ.

స్విచ్ ఎక్కడ పెట్టాలన్న దానికన్నా ఏ వైరు మీద పెట్టాలన్నదే ముఖ్యం. సెల్ఫ్ మోటారు వైరు మీద మాత్రమే పెడితే, ఇద్దరు తోస్తే స్టార్టవుతుంది. కార్బ్యురేటర్ బండికి పెట్రోలు ఆపితే, గిన్నెలో మిగిలిన పెట్రోలుతో కొంతదూరం పోయి నడిరోడ్డు మీద ఆగుతుంది. బండి అప్పటికే మన వీధి దాటిపోయి ఉంటుంది. కాయిల్ వైరు మీద పెడితే ఉన్నచోటే ఉంటుంది. కార్బ్యురేటర్ పోయి, కంప్యూటర్ పెట్రోలు చిమ్మించే ఎంపీఎఫ్ఐ పద్ధతి వచ్చాక తయారైన జెన్, హోండా సిటీలాంటి కార్లకు పెట్రోలు పంపు రిలే సర్క్యూట్ సరైన చోటు. పాత డీజిల్ జీపుల సంగతి వేరు. వాటికి స్పార్కే ఉండదు. ఒకసారి అందుకున్నాక బ్యాటరీ తీసేసినా నడిచే ఇంజన్లు అవి. ఆపడానికి లాగే నాబ్ ఒకటి ఉంటుంది. అలాంటి జీపులకు డీజిల్ పైపు మీద తాళం పడే వాల్వు, దానికి తోడు గేరుకో చక్రానికో తాళం పెట్టుకోవాలి.

ఈ పనిని పాత బండ్ల వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, మీ ఊరి మెకానిక్ షెడ్డులోనైనా దగ్గరుండి చూడండి. కరెంటు మొత్తం చిన్న స్విచ్ గుండా పోకూడదు. స్విచ్ రిలేను నడపాలి, రిలే కరెంటును మోయాలి. వైరుకు ఫ్యూజు ఉండాలి. జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే ఇంజన్ వేడికి ఆ టేపు జారిపోతుంది. జాయింటును గట్టిగా నొక్కి లేదా టంకం వేసి, పైన స్లీవ్ తొడగాలి. ఇది పట్టించుకోకపోతే దొంగ కంటే ముందు మనకే ప్రమాదం. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వెళ్తుండగా ఆ జాయింటు ఊడితే ఇంజన్ ఆగిపోతుంది. బూస్టర్ ఉన్న బ్రేకులైతే ఒకటి రెండుసార్లు తొక్కాక పెడల్ బిగుసుకుంటుంది. ఇంకో సంగతి. కొత్త వైరును పాత వైర్ల రంగులోనే, పాత కట్టలోనే కలిపేయాలి. మెరిసే ఎర్ర వైరు ఒకటి విడిగా వేలాడుతుంటే అదే దొంగకు చిరునామా.

రూపాయి ఖర్చులేని ఉపాయం ఇంకోటుంది. డిస్ట్రిబ్యూటర్ మూత కింద గిరగిరా తిరిగే చిన్న ముక్కే రోటర్. రెండు క్లిప్పులు వదులు చేసి, మూత ఎత్తి, రోటర్‌ను పైకి లాగితే చేతికొచ్చేస్తుంది. అది లేకపోతే ఏ ప్లగ్గుకూ స్పార్క్ అందదు. 1940లో జర్మన్ సేనలు ఎక్కడ దిగుతాయోనన్న భయంతో బ్రిటన్ ప్రభుత్వం, వదిలి వెళ్లే కార్లను కదలకుండా చేసి వెళ్లాలని వాహనదారులను ఆదేశించింది. అప్పుడు జనం ఎంచుకున్న తేలికైన దారి రోటర్ తీసి జేబులో వేసుకోవడమే. నెలకు రెండుసార్లు మాత్రమే బయటికి తీసే పద్మినికో అంబాసిడర్‌కో ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. సీక్రెట్ స్విచ్‌ను వెతికి పట్టుకోగల దొంగ కూడా జేబులో రోటర్ పెట్టుకుని రాడు.

టైం ఇవ్వొద్దు

దొంగకు అన్నింటికంటే అవసరమైంది సమయం. కంటికి కనిపించే తాళాలు చేసే మేలు అక్కడే. గేర్ లాక్, స్టీరింగ్‌కు అడ్డంగా వేసే కడ్డీ, చక్రానికి వేసే క్లాంప్... వీటిలో ఏదీ పగలనిది కాదు. కానీ పగలగొట్టాలంటే చప్పుడవుతుంది, పనిముట్లు కావాలి, నిమిషాలు పడతాయి. అద్దంలోంచి చూసినప్పుడే ఆ శ్రమంతా కనిపించాలి. అందుకే కడ్డీ ఎంత మెరిసే రంగులో ఉంటే అంత మంచిది. సీక్రెట్ స్విచ్ కనిపించకూడదు, కడ్డీ కనిపించాలి. రెండూ కలిస్తేనే కాపలా.

అయితే ఇంజన్ స్టార్ట్ చేయకుండానే బండిని తీసుకుపోవచ్చు. టోయింగ్ బండి మీదికి ఎక్కించేస్తే సీక్రెట్ స్విచ్, రోటర్ రెండూ దండగే. 'గోల్డ్‌ఫింగర్' సినిమాలో జేమ్స్ బాండ్ నడిపిన ఆస్టన్ మార్టిన్ డీబీ5 కారు 1997లో అమెరికాలోని ఫ్లోరిడాలో, బోకా రటన్ విమానాశ్రయపు హ్యాంగర్ నుంచి మాయమైంది. తాళం వేసిన హ్యాంగర్ కూడా దాన్ని కాపాడలేదు. దాని ఆనవాలు మధ్యప్రాచ్యంలో దొరికిందని 2021లో వార్తలొచ్చాయి. ఆ ఆశకు ఆధారం చాసిస్ నంబరే.

ఎత్తుకుపోవడాన్ని ఆపాలంటే చక్రాలు తిరగకూడదు, బండికి దారి ఉండకూడదు. చక్రానికి క్లాంప్ వేయండి. ముందు చక్రాలను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇంట్లో రెండు బండ్లుంటే రోజూ వాడే కారును పాత కారుకు అడ్డంగా నిలపండి. అపార్టుమెంటు స్టిల్టులో స్థలం ఎంచుకునే వీలుంటే గేటు పక్కది వద్దు, గోడ మూలది తీసుకోండి. సొంత షెడ్డు ఉంటే నేలలో కాంక్రీటు పోసి ఇనుప కొక్కెం పాతించి, గొలుసుతో బండిని కట్టేయొచ్చు.

కవరు సంగతీ చెప్పాలి. దుమ్ముకీ ఎండకీ కవరు మంచిదే. కానీ నెలల తరబడి కదలని కవరు కింద ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. స్టీరియో పోయినా, క్రోమ్ బంపరు పోయినా, కార్బ్యురేటర్ పోయినా బయటికి కారు ఆకారం అలాగే ఉంటుంది. కాబట్టి వారానికోసారి కవరు తీయండి, బానెట్ ఎత్తండి, ఇంజన్ స్టార్ట్ చేయండి. బ్యాటరీ చావకుండా ఉండటం ఎలాగూ లాభమే. పోయినది ఏదైనా ఉంటే ఆ వారంలోనే తెలుస్తుంది.

ట్రాకర్: పోయాక పనికొచ్చేది

జీపీఎస్ ట్రాకర్ దొంగతనాన్ని ఆపదు, పోయిన బండిని వెతకడానికి పనికొస్తుంది. సిమ్ కార్డుతో పనిచేసే చిన్న పెట్టెను సీటు కిందో డాష్‌బోర్డు లోపలో దాస్తారు. పాత కార్లకు దీంతో ఒక చిక్కుంది. కారు ఆపి ఉన్నా ట్రాకర్ కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్లు తాగే ట్రాకర్ నెల రోజుల్లో 36 ఆంపియర్ అవర్లు లాగేస్తుంది. మారుతి 800కు వేసే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఖాళీ అవడానికి అది చాలు. అందుకే తక్కువ కరెంటుతో నిద్రపోయి, బండి కదిలితే లేచే రకం కొనాలి. లోపల సొంత బ్యాటరీ ఉండాలి, లేకపోతే దొంగ కారు బ్యాటరీ వైరు పీకిన క్షణంలోనే అది మూగబోతుంది. రీచార్జి గడువు ఎప్పుడో రాసిపెట్టుకోవాలి. గడువు దాటిన సిమ్‌తో ఉన్న ట్రాకర్ ఉన్నా లేనట్టే.

ఫోన్లతో పనిచేసే చిన్న బ్లూటూత్ ట్యాగులను రెండో ఆసరాగా వాడుకోవచ్చు. అయితే మరొకరి ట్యాగు తన వెంట వస్తోందని దొంగ ఫోనుకు కూడా హెచ్చరిక వెళ్తుంది. కాబట్టి దాని మీదే ఆధారపడకూడదు. ట్రాకర్‌లో బండి ఎక్కడుందో కనిపించినా ఒంటరిగా అక్కడికి పరుగెత్తవద్దు. ఆ లొకేషన్‌ను పోలీసులకు ఇచ్చి, వాళ్లతో వెళ్లండి. ఎంత ముద్దుగా చూసుకున్న బండైనా మనిషి ప్రాణం కన్నా ఎక్కువ కాదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా...

పాత కారు ఎక్కడుందో, ఎప్పుడు ఒంటరిగా ఉంటుందో దొంగకు చెప్పేది చాలాసార్లు మనమే. బండిని మెరిపించి ఫొటో తీసి పెడతాం. వెనక ఇంటి గేటు, నంబరు ప్లేటు, వీధి పేరు అన్నీ కనిపిస్తుంటాయి. 'వచ్చే వారం తిరుపతి వెళ్తున్నాం' అని అదే చోట రాస్తాం. ఫొటో పెట్టడం తప్పు కాదు. కానీ వేరే చోట తీసిన ఫొటో పెట్టండి, తీసిన రోజే పెట్టకండి. సీక్రెట్ స్విచ్ గురించి మాత్రం ఎంత దగ్గరి స్నేహితుడికైనా చెప్పకండి.

అమ్మకానికి పెట్టినప్పుడు ఇంకా జాగ్రత్త. కొంటానని వచ్చినవాడు 'ఒక్క రౌండ్ వేసొస్తా' అని తాళం చెవి తీసుకుని మళ్లీ కనిపించకపోవడం కొత్తేమీ కాదు. గుర్తింపు కార్డు చూసి, ఫొటో తీసుకుని, మీరు పక్కసీట్లో కూర్చున్నాకే బండి కదలాలి. ఒరిజినల్ ఆర్సీ చేతికివ్వకండి. మెకానిక్ దగ్గర, వాషింగ్ దగ్గర వదిలేటప్పుడు కారు చెవి ఒక్కటే ఇవ్వండి. ఇంటి చెవులున్న గుత్తి ఇవ్వకండి. పాత కారు కొన్నవాళ్లు మొదటి వారంలోనే తలుపు, ఇగ్నిషన్ లాకులు మార్పించడం మంచిది. ఆ బండికి అంతకుముందు ఎంతమంది యజమానులో, ఎన్ని డూప్లికేట్ చెవులు ఎవరి దగ్గరున్నాయో మనకు తెలియదు.

పేపర్లే రెండో తాళం

చాలామంది పాత కార్ల యజమానులకు తెలియని నిజం ఒకటుంది. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే కారు పోయినా పైసా రాదు. అది మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే. దొంగతనానికి డబ్బు రావాలంటే సమగ్ర పాలసీ కావాలి. థర్డ్ పార్టీతో పాటు అగ్నిప్రమాదం, దొంగతనాలకు మాత్రమే కవరేజీ అడిగే వీలూ ఉంది. అయిదేళ్లు దాటిన కారు విలువను, అంటే ఐడీవీని, కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. బేరం కుదిరేది అక్కడే. మీరు పెట్టిన ఖర్చుల బిల్లులు, ఫొటోలు, వాల్యుయేషన్ రిపోర్టు చూపించకపోతే మీ కాంటెస్సాకు తుక్కు ధర రాసి పాలసీ చేతికిస్తారు. వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరం బిగించి ధ్రువపత్రం చూపిస్తే సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల రాయితీ ఉంది. సొమ్ము చిన్నదే. కానీ కారుకు జాగ్రత్త తీసుకున్నారనడానికి ఆ కాగితం రుజువుగా నిలుస్తుంది.

ఇంజన్ మార్చిన బండ్లు మనకు చాలానే ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ మార్పు ఆర్సీలో నమోదు కావాలి. ఆర్సీలో ఒక నంబరు, బానెట్ కింద ఇంకో నంబరు ఉంటే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది, దొరికిన బండి మనదని నిరూపించుకోవడంలో అంతకన్నా పెద్ద ఇబ్బంది. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. 20 వేల రూపాయల రుసుముతో పదేళ్లకు 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లే బండి ఫలానా అని ప్రభుత్వ రికార్డులో స్పష్టంగా ఉండటం యజమానికి బలమే.

ఇప్పుడే ఒక పూట కూర్చుని బండికి ఒక ఫైలు తయారు చేయండి. చాసిస్, ఇంజన్ నంబర్లకు పెన్సిల్ ప్రింట్ తీయండి. ఆ నంబర్ల ఫొటోలు, నాలుగు వైపుల నుంచీ బండి ఫొటోలు ఉంచండి. అన్నింటికన్నా ముఖ్యం, మీ బండికి మాత్రమే ఉన్న గుర్తులు: వెనక ఫెండర్ కింద వెల్డింగ్ మచ్చ, డాష్‌బోర్డు మీద పగులు, ఎప్పుడో మార్చిన మీటరు. నంబరు చెరిపేయగలరు కానీ ఇలాంటి గుర్తులన్నీ చెరపడం కష్టం. అద్దాల మూలల్లో, విలువైన పార్టుల వెనక రిజిస్ట్రేషన్ నంబరు చెక్కించండి. మీరు వెళ్లని ఊరి నుంచి మీ నంబరుకు ఈ-చలానా వస్తే పక్కన పడేయకండి. మీ నంబరు ప్లేటును ఎవరో వాడుతున్నారనడానికి అదే మొదటి ఆనవాలు కావచ్చు.

పోయిన మొదటి గంట

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభం లేదు. బండి కనిపించకపోతే వెంటనే 112కు ఫోన్ చేయండి. నో పార్కింగ్ కింద ట్రాఫిక్ పోలీసులు తీసుకెళ్లారేమో అప్పుడే తేల్చుకోండి. ఆ వెంటనే ఎఫ్ఐఆర్. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఎలక్ట్రానిక్ రూపంలో పంపినా మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేస్తే నమోదవుతుంది. అదే రోజు బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, ఆర్టీఓకు కూడా తెలియజేయండి. దొరకలేదని పోలీసులు ఇచ్చే నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్, అన్ని తాళం చెవులు క్లెయిమ్‌కు కావాలి. చెవుల్లో ఒకటి తక్కువైనా ప్రశ్నలు మొదలవుతాయి.

బీమా కంపెనీకి చెప్పడం ఆలస్యమైందని క్లెయిమ్ తిరస్కరిస్తే నిరాశపడకండి. పంజాబ్‌కు చెందిన ఒకాయన తన ట్రాక్టర్ పోయిన రోజే ఎఫ్ఐఆర్ ఇచ్చి, కంపెనీకి 52 రోజుల తర్వాత చెప్పిన కేసులో, 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన పక్షానే నిలిచింది. పోలీసులకు వెంటనే చెప్పినప్పుడు, కంపెనీకి చెప్పడంలో ఆలస్యం ఒక్కటే కారణంగా నిజమైన క్లెయిమ్‌ను కాదనకూడదన్నది ఆ తీర్పు సారాంశం. ఎఫ్ఐఆర్ ఆ రోజే ఎందుకు ఇవ్వాలో ఇదే చెబుతోంది.

ఈ ఆదివారం చేయగలిగేవి

- తలుపులు, చిన్న అద్దాల గొళ్లేలు, డిక్కీ తాళం బిగువుగా ఉన్నాయో లేదో చూడండి.
- గేర్ లాక్ లేదా స్టీరింగ్ కడ్డీ కొనండి, పది నిమిషాలు ఆపినా వేయండి.
- నెలల తరబడి ఆపే బండైతే బ్యాటరీకి కట్-ఆఫ్ నాబ్ పెట్టించండి. షార్ట్ సర్క్యూట్ భయమూ తగ్గుతుంది. ట్రాకర్‌కు మాత్రం ఫ్యూజుతో విడి వైరు ఇవ్వండి.
- డూప్లికేట్ చెవులు ఎన్ని, ఎవరి దగ్గరున్నాయో లెక్క చూడండి.
- పాలసీ తీసి, దొంగతనం కవరవుతుందో లేదో, ఐడీవీ ఎంత రాశారో చదవండి.
- చాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్సీతో సరిపోలుతున్నాయో చూసి ఫొటో తీయండి.

గిరాకీ ఎవరిది?

ఇన్ని తాళాలు వేసినా ఒక తలుపు తెరిచే ఉంటోంది. అది మనం పార్టులు కొనే తలుపు. ఎక్కడా దొరకని కాంటెస్సా గ్రిల్, తొలి మారుతి 800 వెనక లైట్లు, పద్మిని చిన్న అద్దాలు సగం ధరకు చేతికొస్తే 'ఎక్కడివి' అని అడగకుండా కొనేస్తున్నాం. ఎక్కడో ఒకరు షెడ్డు తలుపు తీసి ఖాళీ చోటు చూసి కుప్పకూలినప్పుడే ఆ లైట్లు బజారుకొచ్చాయేమో మనకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయడం లేదు. పాత కార్లను ప్రేమించే మనమే పాత కార్ల దొంగకు కొనుగోలుదారులం అవుతున్నాం. ఇది మారాలి.

మార్చడం కష్టమేమీ కాదు. పాత పార్టు కొంటే అమ్మినవాడి పేరు, ఫోన్ నంబరు, తేదీ ఉన్న బిల్లు అడగాలి. ఇవ్వనంటే ఎంత అరుదైనదైనా వదిలేయాలి. ఇంజన్, గేర్‌బాక్స్‌లాంటివి కొనేటప్పుడు నంబరు చెరిపేసి ఉంటే ముట్టుకోకూడదు. మొత్తం బండి కొంటుంటే ఆర్సీ వివరాలను ప్రభుత్వ 'వాహన్' రికార్డుతో పోల్చి, ఆ బండి దొంగబండ్ల జాబితాలో లేదని జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఆన్‌లైన్ సేవలో చూసుకున్నాకే డబ్బివ్వాలి. కార్ల క్లబ్బులు తమ సభ్యుల బండ్ల నంబర్లు, గుర్తులు ఒక పుస్తకంలో రాసుకుని, ఏదైనా పోతే ఆ రోజే అన్ని ఊళ్ల మెకానిక్‌లకు, తుక్కు వ్యాపారులకు ఫొటోలు పంపాలి. ఒకప్పుడు సెంటర్లో నలుగురు చేసిన పని ఇప్పుడు మనం చేయాలి. ఎవరిదో పోయిన బండి ముక్క నా బండిలో ఉండకూడదని ప్రతి యజమానీ అనుకుంటే, మన బండి ముక్కలకూ బయట గిరాకీ ఉండదు. గిరాకీ లేని సరుకు కోసం ఏ దొంగా రాత్రిపూట నిద్ర మానుకోడు.